చెలక అంచున ఒంటరి రాత్రి: పాలమూరు, నల్లగొండ అడవుల పక్కన బుష్‌క్రాఫ్ట్ క్యాంపింగ్ ఎలా చేయాలి

యూట్యూబ్‌లో ఎవరో మంచు దేశపాయన పైన్ చెట్లు నరికి గుడిసె కట్టుకుని ఒక్కడే కూర్చుని కాఫీ తాగే బుష్‌క్రాఫ్ట్ (చుట్టూ దొరికే వాటితోనే ఆరుబయట గడిపే విద్య) వీడియో చూసి, శనివారం బ్యాగు సర్దుకుని నల్లమలకు పోదాం అనుకునేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఆ వీడియోల్లో చూపించేది సగం ఇక్కడ పనికిరాదు. అక్కడ చలితో కొట్లాట. మన దగ్గర ముందు చట్టం చూసుకోవాలి, తర్వాత నీళ్ళు, పాములు, ఎలుగుబంట్లు, వీటన్నిటికంటే ఎక్కువగా చుట్టుపక్కల మనుషులు. ఇంకొక్క సంగతి: ఒంటరిగా ఉండేవాడికి చీకటి పడ్డాక చేయాల్సిన పని ఒక్కటి కూడా మిగలకూడదు. కట్టెలు, నీళ్ళు, పడక, తిండి, చివరికి బయటికి వెళ్ళి రావడం కూడా, అన్నీ వెలుగుండగానే అయిపోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్కన రాసిందే.

ముందు చోటు తేల్చుకోండి

నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. అందులో పర్మిషన్ లేకుండా రాత్రి ఉండటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నిప్పు పెడితే అది ఇంకో కేసు. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా శ్రీశైలం రోడ్డే మూసేస్తారు, అలాంటిది లోపల టార్పాలిన్ కట్టుకుని పడుకుంటే ఊరుకుంటారా. పులులున్న అడవి, పైగా చెంచుల పెంటలు (చిన్న గూడేలు) ఉన్న చోటు, అక్కడ మన సరదాకి చోటు లేదు. లోపలి అడవి చూడాలనిపిస్తే అటవీశాఖ వాళ్ళే మన్ననూరులో కాటేజీ, సఫారీ ఇస్తారు, అవి బుక్ చేసుకుని పోండి.

మరి బుష్‌క్రాఫ్ట్ ఎక్కడ? అడవికి ఆనుకుని ఉన్న పట్టా భూమిలో. దేవరకొండ, చందంపేట, డిండి వైపు గానీ, అచ్చంపేట, బల్మూరు, లింగాల వైపు గానీ, ఇటు కోయిల్‌కొండ గుట్టల కింద గానీ, సాగు చేయని గట్లు, రాళ్ళ దిబ్బలు, వాగు ఒడ్డున నాలుగు మద్ది చెట్లు, మోదుగలు, తునికి పొదలు ఉన్న చెలకలు (వాన మీదే ఆధారపడే మెట్ట చేలు) ఎన్నో ఉంటాయి. చెట్లూ అవే, పిట్టలూ అవే, నేలా అదే. కానీ ఒక ఓనర్ ఉంటాడు, ఆయన సరే అంటే చాలు. మీ బావమరిది దోస్తుది అయినా సరే, ముందు రోజు పగటిపూట వెళ్ళి ఆ రైతుతో కలిసి చోటంతా ఒకసారి తిరగండి. పట్టా ఎక్కడిదాకా, ఫారెస్టు హద్దు ఎక్కడి నుంచి అనేది మ్యాపు కంటే ఆయనకే బాగా తెలుసు.

తిరిగేటప్పుడు ఆయన్ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఇక్కడ పందుల కోసం ఎవరన్నా కరెంటు తీగలు పెడతారా?" అడవిపందుల బాధ పడలేక కొందరు చేను చుట్టూ సన్నటి జీఐ తీగ కట్టి దానికి కరెంటిస్తారు. నేరమే, అయినా పెడతారు. పొద్దున తీసేస్తారు కాబట్టి పగలు చూస్తే ఏమీ కనబడదు. మన ప్రాంతంలో అడవి అంచున రాత్రి తిరిగేవాడికి పులికంటే, పాముకంటే ఇదే పెద్ద ప్రమాదం అని నా అభిప్రాయం. పక్క చేన్ల వాళ్ళని కూడా అడగండి. ఎంత నమ్మకంగా లేదని చెప్పినా చీకటి పడ్డాక మీ క్యాంపు దాటి అడుగు బయట పెట్టొద్దు.

ఊళ్ళో కూడా నలుగురికి చెప్పండి. ఫలానా వాళ్ళ చెలకలో ఈ రాత్రి పడుకుంటున్నా అని హోటల్ దగ్గర చాయ్ తాగుతూ చెప్పినా చాలు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. చెప్పకుండా పోతే రాత్రి మంట చూసి మోటర్ల దొంగ అనుకుని కర్రలతో వస్తారు, వాళ్ళ తప్పు కూడా కాదు.

ఎప్పుడు పోవాలి

నవంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా. వానాకాలంలో వాగులు, పాములు, దోమలు, అన్నీ ఒకేసారి. ఫిబ్రవరి తర్వాత ఆకు రాలి అడవంతా ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు గుట్ట మొత్తం తగలబడటానికి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూల కోసం ఎలుగుబంట్లు చెట్ల కిందే తిరుగుతాయి. చలికాలమే నయం, కానీ పొద్దు తొందరగా వాలుతుంది, డిసెంబర్‌లో ఐదూ ముప్పావుకే సూర్యుడు దిగిపోతాడు. పౌర్ణమికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ చూసుకుంటే పొద్దు గూకే వేళకి అటూ ఇటుగా చంద్రుడు వస్తాడు, మొదటిసారి ఒంటరిగా ఉండేవాడికి ఆ వెలుతురు ఇచ్చే ధైర్యం ఏ టార్చీ ఇవ్వదు.

సామాను

వేలకు వేలు పోసి కొనాల్సిన పనిలేదు. స్లీపింగ్ బ్యాగు లేకపోతే గొంగడి తీసుకోండి. కురుమలు నేసే నల్ల గొంగడి, గొర్రెల మందతో పొలాల్లో పడుకునేవాళ్ళు తరతరాలుగా కప్పుకునేది, బరువు ఎక్కువే, కొంచెం గుచ్చుకుంటుంది కూడా, కానీ దాని మీద నిప్పురవ్వ పడితే నైలాన్‌లా కరిగి ఒంటికి అంటుకోదు, మంచుకి తొందరగా తడవదు. దాంతోపాటు ఒక తాటిపత్రి (టార్పాలిన్, పది బై పన్నెండు అడుగులది చాలు), దోమతెర, ఇరవై మీటర్ల గట్టి తాడు, సుతిలి ఒక ఉండ, స్టీలు గిన్నె ఒకటి, తలకు పెట్టుకునే టార్చీ, ఇంకోటి చేతి టార్చీ, పవర్ బ్యాంకు, విజిల్. కాళ్ళకు మడమ దాటి పైకొచ్చే బూట్లు. చెప్పులతో పోతే సర్కారు తుమ్మ ముల్లు అడుగు నుంచి దిగి పాదంలో తేలుతుంది.

కత్తి విషయంలో ఆన్‌లైన్‌లో మెరిసేది కొనకండి. సంత రోజు కమ్మరి దగ్గరకు పోయి పాత లారీ కమాన్ పట్టీతో కొట్టిన చిన్న వేటకొడవలి తీసుకోండి, పుల్లలు కొట్టడానికీ, పొదలు సవరించడానికీ దాన్ని మించింది లేదు. సన్న పనికి మామూలు వంటింటి చాకు. బస్సులో పోయేటప్పుడు మాత్రం గోనెసంచిలో చుట్టి బ్యాగు అడుగున పెట్టండి.

ఇంట్లో ఒకరికి, ఊళ్ళో ఒకరికి కాగితం మీద రాసివ్వండి: ఎవరి చెలక, ఏ దారి, పొద్దున ఎన్నింటికి ఫోన్ చేస్తా, చేయకపోతే ఎవరిని పంపాలి. సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో ముందు రోజే చూసి పెట్టుకోండి. దగ్గరలో ఏ సర్కారు దవాఖానలో పాము మందు ఉందో కూడా.

చేరగానే చేయాల్సింది

పదకొండు, పన్నెండు లోపే చేరండి. బ్యాగు దింపగానే తాడు తీయకండి. ముందు తల పైకెత్తి చూడండి. ఎండిన కొమ్మలు వేలాడుతున్నాయా, పెద్ద తేనెపట్టు ఉందా. కొండ తేనెటీగలు పొగ తగిలితే లేస్తాయి, లేస్తే పరుగు తప్ప దారి లేదు. పట్టు కనబడితే ఆ చెట్టు వదిలేసి చాలా దూరం జరగండి. తర్వాత కిందకి చూడండి. పుట్టలు, రాళ్ళ కుప్పలు, ఎలుక బొరియలు, పాత గడ్డివాము, ఇవేవీ పక్కన ఉండొద్దు. చలికాలంలో రేగుపండ్లు పండుతాయి, ఎలుగుబంటికి అవి ప్రాణం. చెదపుట్టని ఎలుగు తవ్వితే లోతుగా, మనిషి చేయి పట్టేంత గుంత కనబడుతుంది, పక్కన మట్టి పెళ్ళలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఆ మట్టి ఇంకా తడిగా ముదురు రంగులో ఉంటే నిన్న మొన్నటిదే. అలాంటిది చూస్తే ఇక ఆలోచన వద్దు, ఊరి వైపు జరగండి, లేదా ఇంటికి పోండి.

వాగు మధ్యలో ఇసుక మెత్తగా ఉందని పడుకోవద్దు, నీళ్ళకు వచ్చే జంతువుల దారి అదే. ఒడ్డు మీద కొంచెం ఎత్తులో, వాగుకు వంద అడుగులైనా దూరంగా ఉండండి.

దూలగొండి తీగ గుర్తుపట్టడం నేర్చుకోండి. చలికాలానికి దాని కాయలు గోధుమ రంగు నూగుతో మెరుస్తూ వేలాడతాయి, చూడటానికి అందంగానే ఉంటాయి. గాలికి ఆ నూగు ఒంటి మీద పడితే ఆ రాత్రి నిద్ర సంగతి మర్చిపోవాల్సిందే. పడితే నీళ్ళతో రుద్దకండి, బంకమట్టో పేడో పూసి ఆరనిచ్చి దులిపితే చాలా వరకు పోతుంది.

పడక: నేల మీద మాత్రం కాదు

ఈ భాగం మీద ఎక్కువ టైం పెట్టండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది, కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. నిద్రలోనే కాటు పడి, పొద్దున కడుపునొప్పి అనుకుని లేచినవాళ్ళు ఉంటారు. అందుకే టెంటు ఉన్నా లేకున్నా మోకాలంత ఎత్తు మీద పడుకోవాలి, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి దోపాలి. దోమలకంటే పాముకే అది ఎక్కువ పనికొస్తుంది.

అన్నిటికంటే సులువు, చేన్లో మంచె ఉంటే దాని మీద పడుకోవడం. పంట కాపలాకి రైతులు వేసుకునేదే. కానీ పోయినేడాది మంచె అయితే ఎక్కేముందు నాలుగు గుంజలూ పట్టుకుని గట్టిగా ఊపండి, కట్టు తాళ్ళు ఎండి పొడి అవుతున్నాయేమో వేలితో గీరి చూడండి. మంచె లేకపోతే మీరే కట్టె మంచం చేసుకోవచ్చు. పంగ ఉన్న గుంజలు నాలుగు, మీ మణికట్టుకంటే లావువి, అడుగు లోతు పాతండి. పంగల్లో రెండు పొడుగు వాసాలు పెట్టి, అడ్డంగా బెత్తెడు ఎడంతో కర్రలు పేర్చి సుతిలితో కట్టుకుంటూ రండి. ముడి కంటే కట్టు ముఖ్యం, ప్రతి చుట్టూ లాగి బిగించాలి, లేకపోతే అర్ధరాత్రి కర్రలు దొర్లుతాయి. పైన జొన్న సొప్ప పరిస్తే మెత్తగా ఉంటుంది, పరిచే ముందు కర్రతో బాదండి, అందులో తేళ్ళుంటాయి. ఒక్కరే చేస్తే రెండు మూడు గంటల పని. అంత ఓపిక లేకపోతే దోమతెర ఉన్న ఊయల కొనుక్కోండి, అందులో తప్పేం లేదు.

కర్రలెక్కడివి అంటే, సర్కారు తుమ్మ. పొలం గట్ల మీద, చెరువు శిఖాల్లో (చెరువు లోపలి భూముల్లో) అడ్డం లేకుండా పెరిగిన బయటి చెట్టు అది, మొత్తం నరికేసినా రైతు మీకు చాయ్ పోయిస్తాడు. మోదుగ, మద్ది, తునికి, రేల, ఇవి జోలికి పోవద్దు. ఎంత ఎండిపోయినట్టు కనిపించినా పచ్చి చెట్టు కొమ్మ విరవొద్దు.

తాటిపత్రి పైన కట్టేటప్పుడు ఒక పక్క కిందికి, గాలి వచ్చే వైపు, వంచి కట్టండి. చలికాలంలో తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది, వాన లేదని కప్పు మానేస్తే గొంగడి తడిసిపోతుంది.

నీళ్ళు

తాగడానికి, వంటకి కలిపి ఆరు లీటర్లు ఇంటి నుంచే మోసుకుపోండి. చెలకలో బోరు ఉంది కదా అనుకోవద్దు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ కథ అందరికీ తెలిసిందే. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఒక్క రాత్రి తాగితే ఏమీ కాదు నిజమే, కానీ నీళ్ళు కాచితే చాలు అనే నమ్మకం ఒకటుంది, అది వదలండి. పత్తి చేల కింద పారే నీళ్ళు కూడా అంతే, పురుగుమందు కాచినా పోదు.

అయినా చెలిమె తవ్వడం నేర్చుకోవాల్సిన విద్యే. ఎండిన వాగులో, వంపు తిరిగిన చోట, ఇసుక ముదురు రంగులో చల్లగా తగిలే దగ్గర రెండు చేతులతో తవ్వండి. మోచేతి లోతుకి ఇసుక తడి ముద్దలా వస్తుంది, ఇంకొంచెం తవ్వితే అడుగున నీళ్ళు ఊరడం మొదలవుతుంది. అంచులు కూలకుండా చుట్టూ చిన్న రాళ్ళు పేర్చండి. మొదట ఊరేది మట్టి నీళ్ళు, రెండు మూడుసార్లు దోసిళ్ళతో తోడి పారబోయండి. తర్వాత కదపకుండా పావుగంట ఆగితే అడుగు రాయి కనబడేంత తేటగా వస్తాయి. నాలుగు మడతల బట్టలో వడగట్టి, తెర్లు పట్టాక ఒక నిమిషం మరగనిచ్చి దించండి. పొద్దున మొహం కడగడానికీ, మంట ఆర్పడానికీ ఈ నీళ్ళే వాడండి.

మంట

రైతుని అడిగే పెట్టండి, పక్కన పత్తి, కంది ఎండి నిలబడి ఉంటే అసలు పెట్టొద్దు. గాలి ఉన్నా అంతే. పెట్టేచోట చుట్టూ పదడుగులు గడ్డి, ఆకు లేకుండా మట్టి కనబడేదాకా ఊడ్చండి, జానెడు గుంత తీసి మూడు రాళ్ళు పెట్టండి. వాగులోని తడి రాళ్ళు తేవద్దు, వేడికి పగిలి ఎగురుతాయి.

అంటించడం: లైటర్ జేబులో ఉంచుకోండి, కానీ ఫెర్రో రాడ్‌తో (చాకుతో గీస్తే నిప్పురవ్వలు రాలే కడ్డీ) ప్రయత్నించండి. వెనకటి వాళ్ళు చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూదితో ఇదే పని చేసేవాళ్ళు. ఈత చెట్టు మట్టల మొదట్లో ఉండే పీచు అరచేతుల మధ్య నలిపితే గూడులా అవుతుంది, మధ్యలో కాస్త పత్తి పెట్టండి. రాడ్‌ని గూడులోకి ఆనించి, చాకు వీపుని కదలకుండా పట్టుకుని రాడ్‌ని వెనక్కి లాగాలి. చాకుని ముందుకు తోస్తే గూడంతా చెదిరిపోతుంది, అందరూ చేసే పొరపాటు అదే. పత్తి అంటుకోగానే ఊదకండి, కంది కట్టె సన్న పుల్లలు పైన గుడారంలా నిలబెట్టండి. కంది కట్టె, పత్తి కట్టె టపటపా అంటుకుని తొందరగా అయిపోతాయి, అవి రాజేయడానికే. నిలిచి మండడానికి ఎండిన సర్కారు తుమ్మ, రాత్రంతా నిప్పు ఉంటుంది. ఎండు వెదురు గణుపులతో పాటు వేస్తే బాంబులా పేలుతుంది. గన్నేరు, జిల్లేడు కట్టె మాత్రం వంటకి వద్దు, గన్నేరు పుల్లకి గుచ్చి కాల్చుకోవడం అయితే అసలే వద్దు, విషం.

నడుము ఎత్తు కుప్ప ఒకటి సాయంత్రం నాలుగుకల్లా తయారై ఉండాలి. సరిపోతుంది అనుకున్నదానికి ఇంకో సగం చేర్చండి.

తిండి

తేలిగ్గా. జొన్న రొట్టెలు, పల్లి కారం, ఉల్లిగడ్డ ఇంటి నుంచి. వేడిగా ఏదన్నా కావాలంటే కందగడ్డలు (చిలగడదుంపలు) నిప్పుల్లో కాదు, బూడిదలో కప్పి అరగంట వదిలేయండి. మటన్, చికెన్ కాల్చుకునే ముచ్చట ఇంటి మేడ మీద తీర్చుకోండి, ఆ వాసనకి కుక్కలు, నక్కలు, వాటి వెనక కోయిల్‌కొండ లాంటి గుట్టల్లో అయితే చిరుత కూడా రావచ్చు. ఆరు లోపే తినేసి, గిన్నె కడిగి, మిగిలింది మూటకట్టి పడకకి దూరంగా కొమ్మకి వేలాడదీయండి.

రాత్రి

ఏడు నుంచి తొమ్మిది మధ్య టెన్షన్ ఎక్కువ. ప్రతి చప్పుడూ పెద్దగా వినిపిస్తుంది, ఎండు టేకాకు మీద ఎలుక నడిచినా మనిషి నడిచినట్టే ఉంటుంది. అడుగుల లయ వినండి, ఆగి ఆగి వచ్చేది చిన్న జంతువు. తీతువు అరిస్తే అరిష్టం అంటారు మన పెద్దలు. ఆ పిట్ట నేల మీద ఉంటుంది, దాని దగ్గరికి ఏదన్నా నడిచొస్తే గోల చేస్తుంది, అంతే. కాబట్టి అరిచిన వైపు టార్చీ వేసి చూడటం మంచిదే, కుక్కో నక్కో అయి ఉంటుంది. అడవిపంది వస్తే చప్పట్లు కొట్టి గట్టిగా మాట్లాడితే పక్కకి పోతుంది.

ఎలుగుబంటి దూరంగా కనబడితే పరిగెత్తొద్దు, దానికి వీపు చూపించొద్దు, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులేయండి. అది మనిషిని తినడానికి రాదు, ఉలిక్కిపడితేనే మీద పడుతుంది, కాబట్టి చప్పుడు చేయడమే మీకు రక్ష. ఫోన్‌లో చిన్నగా పాత పాటలు పెట్టుకోవడం నామోషీ ఏమీ కాదు.

మంచం దిగాల్సి వస్తే ముందు టార్చీ, తర్వాత బూట్లు తలకిందులు చేసి దులపడం, ఆ తర్వాతే కాలు. ఒకటికి వెళ్ళడానికి పాత బాటిల్ పక్కన పెట్టుకుంటే దిగే పనే ఉండదు.

పాము కాటేసిందని అనుమానం వచ్చినా సరే, తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఏదీ చేయొద్దు. కరిచిన కాలు కదపకుండా కర్ర ఆసరా కట్టి, 108కీ, ఊళ్ళో మీరు కాగితం రాసిచ్చిన మనిషికీ ఫోన్ చేయండి. పామును వెతకొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ ఒకటే మందు, దవాఖానలోనే దొరుకుతుంది. మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోతామంటే ఒప్పుకోవద్దు.

పొద్దున

వెలుగు బాగా వచ్చాకే దిగండి, తెల్లవారుజామున ఎలుగులు తిరిగే టైం. నిప్పుల మీద నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, చేతి వీపు దగ్గర పెట్టి చూడండి. వేడి తగిలితే ఇంకా ఆరలేదని. గుంత పూడ్చేయండి, సుతిలి ముక్కలతో సహా అన్నీ ఏరుకోండి, మేకలు తింటాయి. మంచం గుంజలు ఉంచాలా, పీకాలా అనేది రైతునే అడగండి, చాలామంది ఉంచమంటారు, పంట కాపలాకి పనికొస్తుందని.

ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో వేసి, చంకలు, మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పట్టుకుంటే పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి, కిరోసిన్ పోయడం, కాల్చడం వద్దు. ఆ తర్వాత మూడు వారాల లోపు జ్వరం వస్తే, ఒంటి మీద చిన్న నల్ల పెచ్చు లాంటిది కనబడినా కనబడకపోయినా, అడవి పక్కన పడుకున్న సంగతి డాక్టర్‌కి మొదటే చెప్పండి. పొదల్లో ఉండే సన్న పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అనేది మామూలు జ్వరంలాగే మొదలవుతుంది, ఆ ఒక్క మాట చెబితే సరైన టెస్టు, సరైన మందు తొందరగా పడతాయి.